గిర్దావర్ పెట్టిన పాయింటు

తాబేలు నా చీర మీద ఉచ్చ పోసిన రోజే దాన్ని ఇంట్లోంచి వెళ్లగొట్టమన్నాను. నా మాట ఎవరూ వినలేదు. మా ఇంట్లో అది కొత్త కాదు. అందుకని నేనూ ఊరుకోలేదు, పొద్దుగూకేదాకా గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ సర్దాను.

అది రెండు వేల ఐదు ఎండాకాలం. గోపాల్‌పేట దగ్గర మా ఊరు. మా ఇల్లు ఊరి చివర ఉంటుంది. పెరటి గోడ దాటితే మా చేనే, చేను కొసకు మా మామ బాలన్న వయసులో ఉండగా తవ్విన బావి. వానలు మొఖం చాటేసి ఆ బావి హోలీకి, అంటే కాముని పున్నం నాటికే ఎండిపోయింది. అడుగున ఊట తగులుతుందేమోనని మామ మనుషుల్ని పెట్టి పూడిక తీయించాడు. ఊట తగల్లేదు గానీ బురదలో రెండు తాబేళ్లు దొరికాయి. చిన్నదాన్ని పనివాళ్లు కూరకని అడిగి తీసుకుపోయారు. పెద్దదాన్ని మామ తువ్వాలలో మూటగట్టుకుని తెచ్చి, నేను జొన్నలు చెరుగుతుంటే నా ఒడిలో పెట్టాడు. మా ఇంట్లో అది చేసిన మొదటి పని ఆ చీర సంగతే.

"భయపడ్డది బిడ్డా. బావి నిండేదాంక ఈడ్నే ఉంటది. నిండినంక దానిల్లు దానికే," అన్నాడు మామ.

"బావి నిండేదాంకనా? అయితే మనం ముసలోళ్లమైనా ఈడ్నే ఉంటది," అన్నాను.

మామ నవ్వలేదు. బావి మీద ఎవరు వేళాకోళమాడినా ఆయన నవ్వడు.

జొన్నరొట్టె అంత వెడల్పు, నల్లటి డిప్ప, వీపు మీద పొడుగునా మూడు గట్లు. పెరట్లో పగిలిన నీళ్ల గోలెం ఒకటి ఉంటే దాని అడుగు భాగాన్ని నేలలోకి పాతి, నీళ్లు పోసి, అందులో ఉంచాం. పోశాం అని ఊరికే అంటున్నాను. ట్యాంకరు దగ్గర కొట్లాడి తెచ్చేదీ నేనే, పోసేదీ నేనే.

మర్నాడు పొద్దున్నే అది గోలెంలోంచి బయటపడి గోడ వెంట నడవడం మొదలుపెట్టింది. మా దగ్గర భూముల కొలతలు చూసే రెవెన్యూ ఆఫీసరును గిర్దావర్ అంటారు. ఆయన ఊళ్లోకి వస్తే ఎవరితోనూ మాట్లాడడు. చేతులు వెనక్కి కట్టుకుని గట్టు వెంట నడుస్తాడు, మూలరాయి దగ్గర ఆగుతాడు, మెడ చాచి ఇటూ అటూ చూస్తాడు, మళ్లీ నడుస్తాడు. ఈ తాబేలుదీ అచ్చం అదే వరస. ఒక మూల దాకా పోయి ఆగి, మెడ ఎత్తి, పెరడంతా ఒకసారి పరికించి, రెండో మూలకు బయలుదేరింది.

మా ఆయన వెంకటన్న పళ్లు తోముకుంటూ చూసి, "గిర్దావర్ సాబ్ సర్వేకు ఎల్లిండు," అన్నాడు.

ఆ పేరే ఖాయమైంది. మగది అని ఎవరమూ అనుమానం కూడా పడలేదు. రెండింట్లో పెద్దది, పైగా ఆ నడక, ఆ టెక్కు. మగది కాక ఇంకేమిటి అనుకున్నాం.

దాని మీద నా కోపం పోయింది మా వంటింటి గడప దగ్గర. నేను పొద్దున రొట్టెలు చేసేటప్పుడు పిండిని తట్టే చప్పుడు వినబడితే చాలు, గిర్దావర్ ఎక్కడున్నా బయలుదేరేది. మా గడప ఎత్తు. ముందుకాళ్లు పైన వేసి, గోళ్లతో గీకి, సగం దాకా లేచి, వెల్లకిలా పడేది. పడ్డాక కాసేపు అసలేమీ జరగనట్టు అలాగే ఉండేది. తర్వాత మెడ బయటికి తీసి, ముక్కు నేలకు ఆనించి, బరువంతా ఆ మెడ మీద వేసి ఒక్క తిప్పు తిరిగేది. తిరిగి మళ్లీ గడప దగ్గరికే.

మా బిడ్డ వర్ష ఎత్తి లోపల పెట్టబోతే నేనే ఆపాను. "ముట్టుకోకు. ఏం జేస్తదో చూద్దాం."

అది నా పంతం. దాని పంతం ముందు నాది ఏపాటి. వారం తిరగకుండా ఒక పొద్దున నేను పెనం మీద రొట్టె తిప్పుతుంటే కాలికి చల్లగా ఏదో తగిలింది. వంగి చూస్తే గిర్దావర్. గడప దాటి, పొయ్యి దాకా వచ్చి, నా కాలివేలి పక్కన మెడ ఎత్తి నిలబడి ఉంది. చెప్పొద్దూ, నాకు ఒళ్లు జల్లుమంది. "వచ్చినవా," అని మాత్రం అని, మొదటి రొట్టెలో మొదటి ముక్క తుంచి, నీళ్లలో తడిపి దాని ముందు పెట్టాను. ఆ రోజు నుంచి మొదటి ముక్క దానిదే.

"నాకెప్పుడన్న మొదటి రొట్టె పెట్టినవా?" అన్నాడు మా ఆయన.

"నువ్వెప్పుడన్న గడప కాడ గన్నిసార్లు పడి లేషినవా?" అన్నాను.

రోజులు గడిచేకొద్దీ దాని గుణం బయటపడుతూ వచ్చింది. అన్నం మెతుకులు పెడితే కాలితో పక్కకు నెట్టేది. రాత్రి మిగిలిన రొట్టె పెడితే వాసన చూసి, మెడ లోపలికి లాక్కుని, నాకేసి చూసేది. టమాట ముక్క అంటే మాత్రం ప్రాణం, అదీ బాగా పండితేనే. మా ఆయన గొంతు పెంచితే డిప్పలోకి పోయేది. మామ దగ్గితే ఆ దగ్గు వచ్చిన దిక్కుకు నడిచేది. ఒకసారి నాకు జ్వరమొస్తే పక్కింటి సుభద్రమ్మ వచ్చి రొట్టెలు చేసిపెట్టింది. ఆమె ఎంత తట్టినా గిర్దావర్ గోలెంలోంచి కదల్లేదు. "నీ తాబేలుకు నా చెయ్యి ఆనలేదమ్మా," అని సుభద్రమ్మ మూతి తిప్పుకుంది. నేను దుప్పటి కింద మురిసిపోయాను.

కోడిపుంజుతో జరిగిన సంగతి ఇంకా బాగుంటుంది. పుంజు ఒకరోజు దాని గిన్నెలో ముక్కు పెట్టింది. గిర్దావర్ ఏ తొందరా లేకుండా దగ్గరికి పోయి, దాని కాలివేలు పట్టుకుని, ఎంత ఎగిరినా, ఎంత అరిచినా విడవలేదు. వదిలాక మళ్లీ తన ముక్క తను తినుకుంటూ కూర్చుంది. ఆ తర్వాత మా కోళ్లన్నీ గోలెం చుట్టూ దూరం పెట్టి తిరిగేవి.

కొట్టంలో మా ఎడ్లు రెండూ మాత్రం దానికి నేస్తాలు. సర్వేలో భాగంగా అది రోజూ వాటి కాళ్ల కిందుగా నడిచిపోయేది. ఎర్రెద్దు అయితే దాన్ని చూడగానే కాలు ఎత్తి, అది దాటేదాకా దించేది కాదు. మామ అక్కడే మంచం వేసుకుని అది చూడడానికే పొద్దున లేచేవాడు.

ఆ ఎడ్ల మీదనే ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో గొడవ.

ముందటి ఏడు మిరుగం కార్తె చినుకు లేక ఎండిపోతే మేం కూలీలను తీసుకుపోయే మేస్త్రి వెంట లారీ ఎక్కి పూణె పోయాం. అక్కడ కట్టే బిల్డింగుల పక్కన రేకుల కింద ఉన్నాం. పొద్దంతా సిమెంటు మోసి, పొద్దుగూకితే నీళ్ల పైపు దగ్గర వరస కట్టేదాన్ని. అవన్నీ నేను పడతాను. నా ఒళ్లు గట్టిది. కానీ వర్ష బడి పోయింది. రెండో తరగతిలో ఉన్నదాన్ని తీసుకుపోయి ఇసుక కుప్పల మీద వదిలాను. తిరిగి వచ్చాక తనకన్నా చిన్న పిల్లల మధ్య మళ్లీ అదే రెండో తరగతిలో కూర్చుంది. ఇంకొకసారి పూణె పోతే అది ఇక బడి మొఖం చూడదని నాకు తెలుసు. ఆ ఏడు నాకు దేవుణ్ని అడగడానికి ఒకటే ఉండింది, మళ్లీ ఆ లారీ ఎక్కనీయకు అని.

బోరు పడితే ఎక్కనక్కర్లేదు. బోరు వేయించాలంటే ఎడ్లను అమ్మడం తప్ప దారి లేదు.

"ఎడ్లమ్మి బోరేపిస్తే, దున్నేది దేనితోని?" అని మామ అడిగాడు.

"ట్రాక్టర్తోని. లోకమంత దున్నుతలేదా?" అన్నాడు మా ఆయన.

"నీళ్లు పడకుంటే?"

సుభద్రమ్మ వాళ్లు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసే ఒకాయనను నమ్మి ముందటి ఏడే బోరు వేయించారు. కొబ్బరికాయ నిలువుగా లేచింది గానీ బోరులోంచి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. అప్పటినుంచి మా ఆయనకు కొబ్బరికాయలంటే నమ్మకం పోయింది.

"బోరేసే పాయింటు మంచిగ దొరకాలె. గంతే," అనేవాడు.

నేను బోరు వైపే ఉన్నాను. మామ ఎడ్లకు చొప్ప వేస్తుంటే చూసి, "ఎడ్ల ముందర కూసుంటే నీళ్లొస్తయా మామా," అని కూడా అన్నాను. ఆయన ఇంకొంచెం చొప్ప వేశాడు.

రోహిణి ఎండలు మొదలయ్యాక గిర్దావర్‌కు ఏమైందో ఏమో, తిండి మానేసింది. రొట్టె తట్టినా రాదు. టమాట పెట్టినా చూడదు. పొద్దంతా గోలెంలో మెడ ముడుచుకుని ఉండి, ఎండ తగ్గగానే చేను వైపు గోడ దగ్గరికి పోయి గోళ్లతో గీకడమే. గోడ కింద మట్టి రాలి చిన్న బొరియ పడింది. నాకు గుబులు పట్టుకుంది. పశువుల దవాఖానకు తీసుకుపోదామా అంటే మా ఆయన నవ్వాడు. నవ్వి, గోడ దగ్గర దాన్నే చూస్తూ కాసేపు నిలబడి, ఉన్నట్టుండి నవ్వు ఆపేశాడు.

"మాలతీ, వీడు పుట్టి పెరిగింది యాడ?"

"బావిల."

"నీళ్ల జాడ వీనికి తెలిసినంత ఇంకెవలికి తెలుస్తది? గా చేన్ల ఏదో ఉన్నది. గందుకే కొట్లాడుతుండు."

నాకు ఆ మాట ఎంత సబబుగా అనిపించిందో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. మామకు కూడా అనిపించింది.

ఆ సాయంత్రం దాన్ని చేనులో వదిలి నలుగురం వెనక నడిచాం. గడ్డి పరక లేని నేల, కాలితో తంతే దుమ్ము లేచేది. గిర్దావర్ పొద్దున సర్వేకు తిరిగినట్టు తిరగలేదు. ముక్కు నేలకు ఆనించి, వాసన చూసుకుంటూ పోయింది. ఒకచోట ఆగి కాస్త గీకి, నచ్చక వదిలేసింది. ఇంకోచోటా అంతే. చివరికి చేను నడుమ కొంచెం ఎత్తుగా ఉన్న చోట ఆగి, అటూ ఇటూ తిరిగి, వెనక కాళ్లతో తవ్వడం మొదలుపెట్టింది. ఒక కాలుతో మట్టి తీసి పక్కన పెట్టేది, మరో కాలుతో మళ్లీ తీసేది. దానికి ఎంత ఓపిక ఉందో ఆ రోజు చూశాను. మేం నలుగురం చుట్టూ నిలబడితే పట్టించుకోనైనా లేదు.

వర్ష ముందుగా చూసింది. "నాయినా, మట్టి తడిగున్నది."

మా ఆయన మోకాళ్ల మీద వంగి చూశాడు. నిజంగానే, అది తీసి పక్కన పెడుతున్న మట్టి నల్లగా తడిసి ఉంది. ఊరంతా పెంకు కాలినట్టు కాలుతుంటే మా చేనులో తాబేలు తవ్విన బెత్తెడు గుంటలో తడి. మామ ఆ మట్టి చిటికెడు తీసుకుని వాసన చూసి, "తడైతే ఉన్నది," అన్నాడు. ఆ మాటతో మా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దాన్ని కదిలియ్యకున్రి," అన్నాడు మామ. చీకటి పడుతుండగా ఇంటికి వచ్చేశాం. తెల్లారి చూస్తే గిర్దావర్ గోడ కింది బొరియలోంచి తనంతట తనే లోపలికి వచ్చి, డిప్ప నిండా మట్టితో గోలెంలో ఉంది. రొట్టె తట్టగానే వచ్చి, కరువు తీరా తిన్నది. చేనులో ఆ చోట గుంట లేదు, చేత్తో అలికినట్టు చదునుగా ఉంది. మా ఆయన అక్కడ గుర్తుగా ఒక రాయి పెట్టి వచ్చాడు.

సాయంత్రానికి ఊరంతా పాకింది, వెంకటన్న చేన్ల గిర్దావర్ పాయింటు పెట్టిండు అని.

పెబ్బేరు అంగడిలో ఎడ్ల బేరం చేసే రామచంద్రయ్య వచ్చి మా జతను చూసుకుని పోయాడు. బోరు బండి వచ్చిన రోజే తానూ వచ్చి, రొక్కం ఇచ్చి ఎడ్లను తోలుకుపోవాలని మాట అయింది. ఆ ముందటి సాయంత్రం మామ ఎడ్లను కడిగాడు. నేను ట్యాంకరు దగ్గర పట్టి తెచ్చిన బిందె నీళ్లతోనే. నోటి దాకా వచ్చిన మాట నేను మింగేశాను. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు.

పొద్దున్నే బోరు బండి చేను గట్టు మీదికి వచ్చింది. మా ఆయన డ్రైవరుతో మాట్లాడుతున్నాడు. రామచంద్రయ్య కొట్టంలో తాళ్లు చూసుకుంటున్నాడు. మిషిను దింపే ముందు కొబ్బరికాయ కొట్టాలి కదా, పసుపు కుంకుమ పళ్లెం పట్టుకుని నేను ముందుగా పాయింటు దగ్గరికి పోయాను.

రాయికి బొట్టు పెట్టాను. అగరుబత్తి గుచ్చితే నిలబడలేదు, పైమట్టి ఎండి పెచ్చు కట్టింది. వేలితో గుంట చేశాను. లోపల మట్టి మెత్తగా ఉంది. వేలికొనకు నున్నగా ఏదో తగిలింది. గులకరాయి అనుకుని పైకి తీశాను.

తెల్లగా, కోలగా ఉంది. కోళ్లను సాకిన చేతికి అదేమిటో చెప్పనక్కర్లేదు. మట్టి ఇంకాస్త పక్కకు తీస్తే దాని కింద ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి ఉన్నాయి.

తిండి మానడం, గోడ గీకడం, చోటు కోసం వెతకడం, అన్నీ అప్పుడు అర్థమయ్యాయి. ఆ తడి సంగతి కూడా. ఎండిన నేల తవ్వుడు పడదని అది తన ఒంట్లో నీళ్లే పోసుకుని మెత్తగా చేసుకుంది. నా చీర మీద పోసినట్టే.

గట్టు మీద బండి ఇంజను మోగుతోంది. నేను మట్టి కప్పేసి, రాయి ఉన్నచోటే ఉంచి, కొబ్బరికాయ కొట్టి లేస్తే సరిపోతుంది. బోరు పడుతుంది. నీళ్లు వస్తాయో రావో, రావడానికి ఒక అవకాశమైనా ఉంటుంది. చెబితే ఆయన నమ్మకం పోతుంది, నమ్మకం పోతే బోరు ఉండదు, బోరు లేకపోతే లారీ ఎక్కాలి. నేను అదంతా అనుకున్నాను. అనుకుంటూనే గుడ్డును ఉన్నదున్నట్టు లోపల పెట్టి, మట్టి కప్పి, ఆయనను పిలిచాను. గడప దగ్గర పడిందీ లేచిందీ చూసినదాన్ని, తిండి మాని వెతుక్కున్న చోటు మీద మిషిను పెట్టించడానికి నాకు మనసొప్పలేదు.

"ఏందే, కాయ గొట్టలేదా?" అంటూ వచ్చాడు.

"ఈడ నీళ్లు లేవు. గుడ్లున్నయి."

"ఎవలివి?"

"గిర్దావర్‌వి."

"గిర్దావర్ మొగోడు గద."

"మొగోడని దాన్ని అడిగినవా?"

ఆయన కూర్చుని, రెండు వేళ్లతో మట్టి కొంచెం తీసి చూసి, మళ్లీ కప్పాడు. "మరి తడి?" అన్నాడు. చెప్పాను. ఆయన చేతికంటిన మట్టిని ధోవతికి తుడుచుకుంటూ అలాగే కూర్చున్నాడు.

"అన్నా, యాడ దింపాలె? జల్ది చెప్పు, ఇంకో ఊరికి పోవాలె," అని డ్రైవరు కేకేశాడు.

మా ఆయన లేచి నిలబడి చేనంతా చూశాడు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒకే తీరు దుమ్ము. ఇక్కడ అని చూపించడానికి ఆయనకు చెయ్యి లేవలేదు.

"వాపస్ పో," అన్నాడు.

"తమాషా చేస్తున్నవా?"

"తమాషా మాది గాదు, ఇంకోలది," అన్నాను నేను. "చాయ పెడత, తాగి పో."

వాడు చాయ తాగకుండానే తిట్టుకుంటూ పోయాడు. మేం కొట్టంలోకి వచ్చేసరికి రామచంద్రయ్య ఎర్రెద్దు తాడు పట్టుకుని ఉన్నాడు. మా ఆయన ఎడ్లు పోతలేవు అనగానే మామ ఎందుకని అడగలేదు. ముందు ఆ తాడు రామచంద్రయ్య చేతిలోంచి తీసుకుని గుంజకు కట్టాడు. బేరగాడు వెళ్లిపోయాక అడిగాడు. నేను చెప్పాను. మామ కాసేపు నా మొఖం చూసి, పగలబడి నవ్వాడు. ఆయన అలా నవ్వడం నేను కాపురానికి వచ్చాక చూడలేదు. నవ్వీ నవ్వీ దగ్గు తెర వచ్చింది. ఆ దగ్గుకు గోలెంలోంచి మెడ బయటికి వచ్చింది.

మా ఆయన మాత్రం నాతో వారం మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు కూడా, "నీళ్లు పడుతుండెనేమో," అన్నాడు. పడేవేమో, నాకేం తెలుసు.

మిరుగం వచ్చింది, పోయింది. చినుకు లేదు. బళ్లు తెరిచారు. వర్ష నాలుగు రోజులు పోయివచ్చింది. ఐదో రోజు గుంపు మేస్త్రి దానియేలు లారీ తెచ్చాడు. దానియేలు మంచివాడు, మా ఊరి చర్చి పక్కన ఇల్లు, పూణెలో నా బిడ్డకు జ్వరం వస్తే భుజాన వేసుకుని దవాఖానకు ఉరికినవాడు. ఆయన మీద నాకేం కోపం లేదు, లారీ మీదనే. మూటలు ఎక్కించాం. వర్ష మూట మీద కూర్చుని, "పూణెల బడి ఉంటదా అమ్మా?" అని అడిగింది. ఉంటదిలే అన్నాను. నా అబద్ధం నాకే వినబుద్ధి కాలేదు.

మామ లారీ దగ్గరికి వచ్చి మా ఆయనతో నెమ్మదిగా అన్నాడు. "నేను మేత ఏస్త, నీళ్లు పెడత. నాగలి పట్టనీకి నాకు బలం లేదు. రేపు వాన పడితే ఎడ్లు కొట్టంల నిలబడి చూస్తుంటయి. గంతే చెప్తున్న."

మా ఆయన నా వైపు తిరిగాడు. "నాడు నువ్వే చెప్పినవ్. ఇయ్యాల గుడ నువ్వే చెప్పు."

ఆకాశం చూశాను. కాకి కూడా లేదు. ధైర్యమని చెప్పుకోవడానికి నా చేతిలో ఏమున్నాయి, రెండు ఎడ్లు తప్ప. అవైనా ఉన్నాయి.

"మూటలు దించు," అన్నాను.

"అక్కా, మల్ల లారీ ఇప్పట్ల రాదు. జర సోచాయించు," అన్నాడు దానియేలు.

"సోచాయించిన తమ్మీ."

ఆయనే వర్షను ఎత్తి కిందికి దించి, మూటలు దించి, మా గుమ్మం దాకా మోసుకొచ్చి పెట్టి వెళ్లాడు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో అడక్కండి. జొన్నపిండి గటక కాచుకుని తాగాం. నన్ను నేను తిట్టుకోని పూట లేదు. గిర్దావర్ మాత్రం పొద్దున సర్వే మానలేదు. గటక తాగే ఇంట్లో కూడా మొదటి ముక్క కోసం వచ్చి నిలబడేది. గిన్నె అడుగు గీకి పెట్టేదాన్ని. వద్దనకుండా తినేది. మెతుకులు కాలితో నెట్టిన జీవం, ఆ రోజుల్లో ఒక్కసారి కూడా నెట్టలేదు.

ఒక మధ్యాహ్నం కొట్టంలో ఎడ్లు ఒకటే రంకెలు. బయటికి వచ్చి చూస్తే పడమర నల్లగా ఉంది. ఆ వాన మూడు రోజులు పడింది. నేను వాకిట్లో తడుస్తూ నిలబడి ఏడ్చాను. మా ఆయన చూసి, సిగ్గు లేదా అని కసిరి, తనూ వచ్చి నిలబడ్డాడు.

పదును తప్పకముందే మా నాగలి కదిలింది. ట్రాక్టరు కోసం ఊరంతా వరస కట్టి ఎదురుచూస్తుంటే మా చేను దున్నుడు, ఆముదాలు, కందులు వేసుడు అయిపోయింది. మా ఆయన ఒక్క చోట మాత్రం నాగలి ఎత్తి పక్కకు తిప్పుకుని పోయాడు. చేను నడుమ నులకమంచమంత జాగా. నేను చెప్పలేదు, ఆయనే.

"గదేందయ్యా, నడుమల ఇడిషిపెట్టినవ్?" అని సుభద్రమ్మ అడిగితే, "గది గిర్దావర్ పట్టా భూమి," అన్నాడు.

బావిలో నీళ్లు మెట్ల దాకా వచ్చాక మామ దాన్ని తువ్వాలలో తీసుకుపోయి వదిలాడు. నేను పోలేదు. మర్నాడు రొట్టె చేస్తూ మొదటి ముక్క తడిపి పక్కన పెట్టి, చాలాసేపు గడప వైపు చూస్తూ కూర్చున్నాను. పెనం మీద రొట్టె మాడిపోయింది.

శ్రావణంలో ఒక పొద్దున, సన్నగా జల్లు పడుతుండగా, కలుపు చూడబోయిన మా ఆయన చేనులోంచి అందర్నీ కేకేశాడు. పుస్తకాల సంచి భుజాన వేసుకుని బడికి బయలుదేరుతున్న వర్ష కూడా ఉరికింది. ఆ దున్నని జాగాలో తడి మట్టి కదులుతోంది. ముందు ఒక ముక్కు, తర్వాత ఒక కాలు. రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దవి, నల్లగా, వీపు మీద మూడేసి గట్లతో ఒకదాని వెనక ఒకటి బయటికి వచ్చాయి. వచ్చి, ఒక్కటి కూడా ఇంకోదాన్ని చూడలేదు. ఆముదం మొక్కల కిందుగా తలా ఒక దిక్కుకు నడిచాయి. ప్రతిదానికీ ఆ నడకే. మామ రుమాలు విప్పి, వంగి ఒక్కొక్కదాన్ని ఏరుకుంటూ బావి వైపు నడిచాడు. ఆయన వెనకే మా ఆయన గొంతుక్కూర్చుని, ఏరడం మరిచిపోయి, చెంపకు చెయ్యి పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడు ఊళ్లో బడి గంట వినబడింది.

"పో, పో. ఇప్పటికే ఆలస్యమైంది," అని వర్షను తరిమాను. అది పోనని మొండికేసి, నేను చెయ్యెత్తేసరికి సంచి ఎగరేసుకుంటూ బురదలో పరుగెత్తింది.

సాయంత్రం మొఖం ముడుచుకుని వచ్చింది. ఆలస్యంగా వచ్చినందుకు సారు తరగతి బయట నిలబెట్టాడట. తను చెప్పినా సారు వినలేదట, అంతా తాబేళ్ల మూలంగానే అట. అది ముక్కు చీదుకుంటూ చెబుతుంటే నాకు ఒకటే నవ్వు, కళ్లలోంచి నీళ్లు కారుతున్నా నవ్వు ఆగలేదు. నా బిడ్డకు ఆలస్యంగా పోవడానికి ఆ ఏడు ఒక బడి ఉంది.